ఎడమ భుజం తుపాకి

అరుగు మీద గోనెసంచి పరిచి, దాని మీద చతికిలబడి, నూనెడబ్బా మూత తీసి, పాత పంచె పేలిక వేలికి చుట్టుకున్నాక గానీ ఆదినారాయణకు తుపాకి లేదన్న సంగతి గుర్తుకు రాలేదు. దాన్ని అమ్మి నెల కావస్తోంది. నూనెలో తడిసిన పేలికను వృథా చేయడం ఇష్టంలేక లేచి తలుపు బందులకు రాశాడు. నిన్న కత్తెరకు రాశాడు. మొన్న కుట్టుమిషనుకు రాశాడు.

"ఇంట్ల కిర్రుమనేది నువ్వొక్కనివే మిగిలినవ్. నీక్కూడ రాసుకో," అంది భార్య గంగక్క పొయ్యి దగ్గర్నుంచి.

ఆయన నవ్వలేదు గానీ కోపమూ తెచ్చుకోలేదు. పొడుగు మనిషి, ఎండిన మనిషి. ముప్పై ఏళ్లు తుపాకి మోసిన ఎడమ భుజం కుడిదాని కన్నా కాస్త కిందికి జారి ఉంటుంది. సారపాకలో వాళ్ల ఇంటి ముందు నుంచి జామాయిల్ దుంగల లారీలు కాగితం మిల్లుకు పోతుంటే, పక్కింటివాళ్లకు ఆయన అరుగు మీద కూర్చున్నాడా లేదా అన్నది కూడా పట్టదు. అంత మామూలు మనిషి.

ఎండాకాలం తునికాకు సీజన్లో కాంట్రాక్టరు జీపెక్కి, డబ్బు పెట్టె పక్కన కూర్చుని, అడవి ఊళ్లలో ఆకు కొనే కల్లాలకు పోయేవాడు. మిగతా కాలమంతా భద్రాచలంలో బంగారం కుదువ పెట్టుకునే ఆఫీసు గుమ్మం ముందు నిలబడేవాడు. సొంత లైసెన్సు, సొంత తుపాకి ఉన్నవాళ్లకే ఆ కొలువు. జంట గొట్టాల తుపాకి ఆయనది. ఏటా పరీక్షలో అట్టబొమ్మ మీద పేల్చడమే తప్ప మనిషి మీదికి దాన్ని ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాకపోవడమే తన పనితనమని ఆయన నమ్మకం. ఊరివాళ్లు మాత్రం "నీ తుపాకి పిచ్చుకనన్న కొట్టిందానే?" అని ఆటపట్టించేవాళ్లు. చివరికి గుండె డాక్టరు నిలబడే ఉద్యోగం ఇక వద్దన్నాడు. లైసెన్సు సరెండర్ చేసి, కలెక్టరాఫీసు అనుమతి తీసుకుని, తుపాకిని హాతీరాం అనే కొత్త గన్‌మెన్‌కు అమ్మాడు.

ఈ గన్‌మెన్ల అమ్మకాల్లో పెళ్లి సంబంధాన్ని మించిన మర్యాదలుంటాయి. తుపాకిలో ఉన్న లోపాలను అమ్మేవాడే తన నోటితో ముందుగా చెప్పాలి. కొనేవాడు అడక్కూడదు. అడిగితే అమ్మేవాణ్ణి దొంగ అన్నట్టే. అమ్మేవాడి కళ్లముందు దాన్ని భుజానికెత్తి గురి చూడకూడదు. కొన్నాక నచ్చకపోతే, తన చేత్తో మొదటి తూటా పేల్చేలోపు వాపసు ఇచ్చేయొచ్చు. ఎందుకని అమ్మినవాడు అడగకూడదు. ఇంట్లో వద్దంటున్నారని కొన్నవాడు అంటాడు, అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు, అక్కడితో సరి. ఇంకొకటి కూడా ఉంది. వాపసు ఇవ్వడానికి వచ్చినవాడు ఆ ఇంట్లో చాయ్ తాగడు.

పొద్దెక్కాక హాతీరాం వచ్చాడు. ఇల్లందు దగ్గర తండా వాడు, నలభై దాటినవాడు, కాస్త బొద్దు. ఖమ్మంలో నగల దుకాణం ముందు కొత్తగా గన్‌మెన్‌గా కుదిరాడు. అంతకు ముందంతా ఫంక్షన్ హాలు గేటు దగ్గర లాఠీ, ఈల. భుజాన కాన్వాసు సంచిలో తుపాకి ఉంది. దాన్ని పసిపిల్లను పడుకోబెట్టినట్టు మంచం మీద పెట్టాడు.

ఆదినారాయణకు ప్రాణం లేచొచ్చింది. "జల్దీ చాయ్ పెట్టే," అని లోపలికి కేకేశాడు.

"వద్దు చిన్నమ్మా. బస్టాండ్ల తాగొచ్చిన," అన్నాడు హాతీరాం, నేల చూస్తూ.

ఆదినారాయణ చేతిలో పేలిక ఆగిపోయింది.

"ఇంట్ల వద్దంటున్నరు కాకా," అన్నాడు హాతీరాం ఇంకా చిన్న గొంతుతో.

గంగక్కకు ఈ మర్యాదలేం తెలుసు? గ్లాసులు పట్టుకునే బయటికొచ్చింది. "గదేంది? నీ పెండ్లాం సరితనే గద మొన్న ఫోన్ చేసింది, తుపాకికి పసుపు బొట్టు పెట్టి అలమరల పెట్టిన అని?"

హాతీరాం చెవులు ఎర్రబడ్డాయి. ఆదినారాయణ ఒక్క చూపు చూశాడు. గంగక్క గ్లాసులతో సహా లోపలికి పోయింది.

ముందు ఆయనకు కలిగింది సంతోషమే. అబద్ధమెందుకు, తుపాకి ఇంటికొచ్చిందన్న సిగ్గులేని సంతోషం. అది చల్లారడానికి ఎంతోసేపు పట్టలేదు. లైసెన్సు లేని ఇంట్లో తుపాకి ఎలా ఉంటుంది? పోలీసు స్టేషనులో అప్పగించాలి, అక్కడి సామాన్ల గదిలో, కేసుల్లో పట్టుకున్న కత్తుల మధ్య పడి తుప్పు పట్టిపోతుంది. హాతీరాంకు రేపే అట్టబొమ్మ పరీక్ష. చేతిలో తుపాకి లేకపోతే మళ్లీ ఆ గేటు, ఆ ఈల. వీటన్నిటికన్నా ఆయన్ను కలచివేసింది మరొకటి. నమ్మి కొన్నవాడు తిరిగి తెచ్చాడంటే, తాను చెప్పని లోపం ఏదో ఉండాలి. కుడి గొట్టం ట్రిగ్గరు బిగువని చెప్పాడు. వానాకాలం కట్టె ఉబ్బుతుందని చెప్పాడు. గొట్టం చివర గురిపూస ఒకసారి ఊడితే అతికించానని కూడా చెప్పాడు. ఇంకేం మిగిలింది? ఈ వయసులో, తెలియకుండానే ఒకణ్ణి మోసం చేశానా?

అడగడానికి వీల్లేదు. సంచి విప్పి, తుపాకి మడిచి, గొట్టాల్లోంచి వెలుతురు చూసి, ఖాళీగా ఉందని హాతీరాంకూ చూపించి, చేతికిచ్చాడు.

"వాపసు తీసుకుంట. ఒక్క మాట విను. నేను అటు తిరుగుత. నువ్వు ఆ ఖాళీ జాగ దిక్కు ఒక్కపారి భుజానికెత్తు."

"అమ్మినోని ముందట ఎత్తద్దు గద కాకా."

"నేను చూస్తలేనుగా."

అని అటు తిరిగాడు. ఎదురుగా గుంజకు గడ్డం గీసుకునే అద్దం ఉంది. మర్యాదకు మర్యాదా దక్కింది, చూడాల్సిందీ కనబడింది.

అద్దంలో కుడి ఎడమవుతుంది. హాతీరాం ఎడమ భుజానికి ఎత్తినట్టు, అచ్చం తనలాగే కనబడ్డాడు. కానీ తనకు ఒదిగినట్టు అది అతనికి ఒదగలేదు. వెనక కట్టె చెంపను నెట్టేస్తుంటే, గురి మీదికి కన్ను తేవడానికి కొంగలా మెడ సాచి తంటాలు పడుతున్నాడు. ఒకసారి దించి మళ్లీ ఎత్తాడు. మళ్లీ అదే కొంగ.

ఆదినారాయణ ఇటు తిరిగాడు. తుపాకి తీసుకుని, వెనక కట్టెను కన్ను దగ్గర పెట్టుకుని పొడుగునా చూశాడు. ముప్పై ఏళ్లు రోజూ తుడిచిన కట్టె. అది ఎడమకు రవ్వంత వంగి ఉందని ఇవాళ కనబడింది.

దాన్ని ఆయన దమ్మపేట వైపు ఒక ముసలి రైతు దగ్గర కొన్నాడు. పంట మీదికి వచ్చే అడవిపందుల కోసం లైసెన్సు తీసుకున్న మనిషి. బేరం కుదిరాక ఆ రైతు చాయ్ గ్లాసును ఎడమచేత్తో అందించాడు. కూలివాణ్ణని చులకన చేశాడని ఆదినారాయణ లోలోపల కుమిలిపోయాడు, ఆ గ్లాసు ముగించడమే కష్టమైంది. ఆ మనిషిదీ తనలా ఎడమచేతి వాటమేనని ఇప్పుడు తెలిసింది. ఏ వడ్రంగితోనో తన చెంపకు తగ్గట్టు చెక్కించుకుని ఉంటాడు.

ఎడమచెయ్యి ఆయనకు పుట్టుకతో వచ్చిన తద్దినం. అన్నం దగ్గర తండ్రి దాన్ని తువ్వాలతో కట్టేసేవాడు. కొడవలి పళ్లన్నీ కుడిచేతి వాళ్ల కోసమే నూరి ఉంటాయి కాబట్టి కోతల్లో అందరికన్నా వెనకబడేవాడు, ఆడవాళ్లు నవ్వేవాళ్లు. మిల్లులో వెదురు నరికే దగ్గర పక్కవాడికి మోచెయ్యి తగులుతోందని వారం తిరక్కుండా పంపేశారు. పెళ్లిలో తలంబ్రాలు పోసేటప్పుడు కూడా మేనమామ చెయ్యి పట్టి ఆపాడు. లోకంలో ఏ వస్తువూ ఆయన వైపు తిరిగి పుట్టలేదు. ఈ తుపాకి ఒక్కటే భుజానికెత్తిన మొదటి రోజే చెంపకు ఆనింది. తుపాకులన్నీ అంతే కాబోలనుకున్నాడు.

"దీనికి రోగం లేదు బిడ్డా. నాకే తెల్వలే. ఇది పుర్రచేతోని కట్టె. నాది పుర్రచెయ్యి, నీది కుడిచెయ్యి."

హాతీరాం తేలికపడ్డాడు. "నాకే పట్టుకునుడు వస్తలేదనుకున్న కాకా. నీ తుపాకికి వంక పెట్టుడు ఇష్టంలేక గట్ల చెప్పిన."

"కూసో."

గోనెసంచి మీద మళ్లీ చతికిలబడ్డాడు. పగిలిన లాంతరు గాజుపెంకు ఒకటి, ఆకురాయి, ఉప్పుకాగితం తెచ్చుకున్నాడు. పాత గన్‌మెన్ల కట్టెలు, భుజానికెత్తి చూడకుండానే, బాగుచేసిన చెయ్యే అది. ఎడమ పక్కన హాతీరాం చెంప ఎక్కడ అడ్డుతోందో బొగ్గుతో గీత పెట్టాడు.

"వద్దు కాకా. చెక్కినంక మల్ల నీకు ఆనదు గద," అన్నాడు హాతీరాం.

"నాకు ఇంకేం పని బిడ్డా దానితోటి?"

అన్నాడు గానీ గాజుపెంకు కట్టెకు తగలగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. కన్నతల్లి దగ్గర కూడా దొరకని ఒద్దికను తన చేత్తోనే గీకేసుకుంటున్నట్టయింది. నల్లటి మెరుగు పోయి లోపలి ఎర్రటి కట్టె బయటపడింది. పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుని ఒళ్లో రాలింది. ఎత్తమన్నాడు. చూశాడు. మళ్లీ గీకాడు. ఇప్పుడు అటు తిరగడాలు, అద్దాలు ఏవీ లేవు. మర్యాదలు పక్కన పెట్టి ఎదురుగానే చూశాడు.

చివరిసారి ఎత్తినప్పుడు హాతీరాం మెడ కదల్లేదు. చెంప నిమ్మళంగా ఆనింది. జామాయిల్ చెట్ల దిక్కు చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఆనింది కాకా."

"అవ్. కనబడుతున్నది."

పేలికతో తుడిచి, చెక్కిన చోట నూనె పట్టించి, చేతికిచ్చేముందు తన ఎడమ భుజానికి ఒక్కసారి ఎత్తుకుని చూశాడు. ఇచ్చేశాడు.

హాతీరాం దాన్ని సంచిలో పెట్టి, లోపలి దిక్కు చూసి గొంతు పెంచాడు. "చిన్నమ్మా, చాయ్ తాగుత."

గంగక్క చాయ్ తెచ్చింది. ఆదినారాయణ ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుని హాతీరాంకు అందించాడు, ఎడమచేత్తో.

"చెయ్యి మార్చయ్యా, ఏమనుకుంటడు!" అంది గంగక్క.

ఆయన మార్చలేదు. పరాయివాడికి ఆ చేత్తో ఒక వస్తువు ఇవ్వడం ఆయన బతుకులో అదే మొదలు. హాతీరాం రెండు చేతులు చాచి గ్లాసు అందుకుని, ఆఖరి చుక్క వరకు తాగాడు.

అతను ఖమ్మం బస్సుకు పోయాక ఆదినారాయణ గోనెసంచి ఎత్తలేదు. గుంజకు ఆనుకుని కూర్చుని, ఇంకో సగం చాయ్ ఇమ్మన్నాడు. గంగక్క గొణుక్కుంటూనే వేడిచేసి తెచ్చింది. "ఇగో," అంది. మళ్లీ అంది. ఆయన తల ఎడమ భుజం మీదికి వాలి ఉంది. ఎండ ఇంకా అరుగు దిగలేదు.

మర్నాడు ఇంటి నిండా జనం ఉన్నప్పుడు ఆయన ఫోను మోగింది. గంగక్కే ఎత్తింది.

"కాకాకు చెప్పు చిన్నమ్మా, ఒక్కటి తప్పలే!" హాతీరాం గొంతులో సంతోషం పట్టలేకుండా ఉంది.

"చెప్త బిడ్డా," అంది ఆమె. ఆయన పోయాడని మాత్రం చెప్పకుండా ఫోను పెట్టేసింది.

చుట్టాలెవరో అరుగు ఊడవబోతే చీపురు పట్టుకుని ఆపింది. గోనెసంచి మీద, ఆయన ఎడమచెయ్యి ఆనే వైపు, ఎర్రటి కట్టె పొట్టు చిన్న కుప్పగా అలాగే ఉంది.