తెగిన పోగు

నాలుగేళ్లుగా కోడలు అరటి బోదెల నార తీస్తూనే ఉంది. మనుషుల నార తీసేవాళ్లను చూశాంగానీ, అరటి బోదె మీద ఇంత పగ పట్టినదాన్ని చూడలేదని ఇంట్లో ఒకటే వేళాకోళం. వాళ్లకేం, నవ్వుతారు. ప్రయోగశాలలో పోగు మాత్రం ప్రతిసారీ పుటుక్కున తెగేది. పోగును లాగి చూసే యంత్రం తెర మీద జనపనార బలం ఎంతో ఒక ఎర్రగీత గీసి ఉంటుంది. దాన్ని దాటితేనే పరిశోధన నిలుస్తుంది. "ఇదే ఆఖరు. ఈసారీ దాటకపోతే అంశం మార్చుకోవాల్సిందే" అని ప్రొఫెసరు తేల్చేశాడు.

ఆ మధ్యాహ్నం, కోడలు మరచిపోయిన కళ్లజోడు ఇచ్చిపోదామని అత్తగారు వచ్చింది. ముప్ఫై ఏళ్లు తాళ్లు పేనిన చేతులావిడవి. కాస్టిక్ సోడా నీళ్లలో మూడు గంటలు ఉడికిన తెల్లటి నారను చూసి ముక్కున వేలేసుకుంది.

"ఇదేంటే, పసిపిల్లలకి పెట్టే అన్నంలా ఉడికించావు?"

"తెల్లబడితేనే శుభ్రమైనట్టు, అత్తయ్యా. జిగురంతా పోవాలి."

"అంతా పోతే ఇక పోగుని పట్టుకునేదేది? మూడు పొంగులు రాగానే దించెయ్. కాస్త పచ్చగా ఉన్నా పర్లేదు."

అలమారాల నిండా పుస్తకాలున్నాయి, పొంగుల లెక్క ఒక్కదాంట్లోనూ లేదు. అయినా ఇక పోయేదేముంది? కొత్త నార పెట్టి, నురగ మూడోసారి పైకి రాగానే దించింది, బాగా కడిగి ఆరబెట్టింది.

రెండోరోజు ఆ లేత పసుపు పోగును యంత్రం దవడల మధ్య బిగించింది. ప్రొఫెసరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు పిలవకుండానే వచ్చింది, రాకుండా ఉంటుందా! తెర మీద గీత మెల్లగా పాకుతూ ఎర్రగీతను అందుకుంది. అక్కడ ఆగలేదు. దాటిపోయి ఇంకా ఎగబాకుతుంటే ప్రొఫెసరు కట్టుకున్న చేతులు వాటంతటవే విడిపోయాయి. అప్పుడు పోగు టప్పున తెగింది.

అత్తగారి ముఖం పాలిపోయింది. "అయ్యో, తెగిపోయిందే! నా మాట విని చెడిపోయావు."

కోడలు ఆవిడను అమాంతం వాటేసుకుంది. వస్తున్నది నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. "తెగేదాకా లాగడమే ఇక్కడి పరీక్ష, అత్తయ్యా! మనం గెలిచాకే తెగింది."

అత్తగారు ప్రొఫెసరు మీదికి తిరిగింది.

"ఆ మాట ముందే చెప్పొద్దా సారూ? నాలుగు పోగులు కలిపి పేని, మీ మిషన్నే తెంపేదాన్ని!"