చిన్న చిల్లే కదా!

నేను ఒక గొట్టాన్ని. జానెడున్నర పొడుగు, చిటికెన వేలంత లావు, కొసన గాజు కన్ను. పొట్టకి చిల్లు పెట్టి నన్ను లోపలికి దూరుస్తారు. నేను చూసేదంతా పక్కనున్న టీవీలో పడుతుంది. కాగితాల్లో నా పేరు ల్యాప్రోస్కోపు. జనానికి మాత్రం నేను ‘పిల్లల ఆపరేషన్ గొట్టాన్ని’. మనుషుల లోపల బోలెడు వింతలు చూశాను గానీ, పైకి వాళ్లు మాట్లాడే మాటల ముందు అవెంత!

ఎక్కడో చలిదేశంలో, దుమ్ము సోకని గదిలో నన్ను చంటిబిడ్డలా చూసుకుంటూ తయారుచేశారు. అంత గారాబంగా పుట్టి, వచ్చి విజయనగరం పక్క పల్లెల్లో కుటుంబ నియంత్రణ శిబిరాల్లో పడ్డాను. బడి వరండాలో వరసగా ఆడవాళ్లు, బయట బీడీలు కాలుస్తూ మొగుళ్లు. పిల్లల్ని కనడంలో ఇద్దరికీ వాటా ఉందట. ఆపడంలో మాత్రం మొత్తం హక్కు ఆడదానికే రాసిచ్చేశారు. ఎంత ఉదారులో!

దాలినాయుడనే రైతు గొంతు మొదట విన్నది అక్కడే. భార్య పారమ్మ భయంతో వెనక్కి తగ్గుతుంటే, “ఏటే ఆ ఏడుపు? సిన్న సిల్లే గదా! రేపు నాట్లున్నాయి, బేగి లేసి రా” అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని పడుకుంది.

ఏళ్లు గడిచాయి. శిబిరాలు తగ్గాక నన్ను పట్నంలో ఒక ఆసుపత్రికి పంపారు. అక్కడ కాలేయం ఆపరేషన్లు చేసే డాక్టర్ వాసంతి చేతిలో పడ్డాను. ఒకరోజు అదే దాలినాయుడు పారమ్మని వెంటబెట్టుకుని అక్కడికి వచ్చాడు. కాలేయం ఎడమవైపు గడ్డ, క్యాన్సరు. ఇంకా పాకలేదు. ఇప్పుడు తీసేస్తే బతుకుతాడు, ఆలస్యమైతే ఎవరూ ఏమీ చేయలేరు. నమ్మకం కలగాలని డాక్టరమ్మ నన్ను వార్డుకి తెచ్చి చూపించింది. “పొట్టంతా కొయ్యక్కర్లేదు నాయుడుగారూ. ఈ ల్యాప్రోస్కోపుతో చూస్తూ ఆ ముక్క తీసేస్తాను. మిగతా కాలేయం మళ్లీ పెరుగుతుంది.”

నాయుడు దిగ్గున లేచి లుంగీ బిగించాడు. “లాప్రోస్కోపా? అది ఆడోల్ల ఆపరేసను గదండి! నాను ఊర్లో తలెత్తుకు తిరగాలా వొద్దా? కోస్తే నిలువునా కొయ్యండి. నేదంటే ఎల్లిపోతాను.”

ప్రాణం పోయినా ఫరవాలేదు, మీసం నిలవాలి! కాలేయానికీ మీసానికీ ఏం చుట్టరికమో, ఇన్ని పొట్టలు చూసిన నాకే ఎప్పుడూ కనబడలేదు. డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెబుతుంటే ఆ మహానుభావుడు చెప్పులు వెతుక్కుంటున్నాడు.

పారమ్మ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కళ్లనిండా నీళ్లు. గొంతు మాత్రం వణకలేదు. “ఏటి నీ బయ్యం? సిన్న సిల్లే గదా! నన్ను బడి అరుగు మీద పడుకోబెట్టినప్పుడు నీకది సిన్నదే. మర్నాడు కడుపట్టుకుని నాట్లేసాను. నువ్వు సచ్చిపోతే నానేటైపోవాలి? ఎల్లి పడుకో!”

వార్డంతా గొల్లున నవ్వింది. నాయుడు వెళ్లి పడుకున్నాడు.

ఆపరేషన్ రోజు లోపల చోటు కోసం పొట్టలోకి గాలి నింపారు. నాయుడి పొట్ట నిండు చూలాలి పొట్టలా లేచింది. మత్తులో ఉండి తను చూడలేదు గానీ, చూసుంటే ఆ మీసం ఏమైపోయేదో! కోత మధ్యలో రక్తం చిమ్మి నా కన్ను మూసుకుపోయింది. టీవీ అంతా ఎరుపు. నాకూ భయమేసింది, అబద్ధమెందుకు. గబగబా బయటికి లాగి, వేడినీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ దూర్చారు. డాక్టరమ్మ ఆ నెత్తురు ఆపేసింది. గడ్డతో సహా ముక్కని సంచిలో వేసి, బొడ్డు కింద చిన్న కోతలోంచి లాగేసింది.

ఇప్పుడు నా కన్ను మసకబారింది. పాత సామాను గదిలో, విరిగిన స్టూళ్ల మధ్య పడున్నాను. నాయుడు బాగానే ఉన్నాడట. ఊళ్లో తనని నిలువునా కోశారనే చెప్పుకుంటున్నాడట, చచ్చినా చొక్కా విప్పడట. చెప్పుకోనీ పాపం.

నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆపరేషన్ మర్నాడు నన్ను కడుగుతూ నర్సమ్మ చెప్పిన సంగతి. నాయుడు మంచం దిగబోయి, పొట్ట పట్టుకుని మళ్లీ కూలబడ్డాడట. పెళ్లాన్ని దగ్గరికి పిలిచి అడిగాడట.

“ఆ రోజు నీకూ ఇలాగే నొప్పెట్టిందేటే, పారీ?”

పారమ్మ చేతిలోని గ్లాసు పక్కన పెట్టింది. “ఇన్నేల్లకి అడిగావా, మావా” అని, అటు తిరిగి ఏడ్చేసిందట.