రూతమ్మ రాసిన కాగితం

యారాడ సముద్రంలో దిగకూడదని ఊళ్లో పసిపిల్లల్ని అడిగినా చెప్తారు. తరతరాలుగా దాని మీదే బతికేవాళ్లు కూడా ఒడ్డున నిలబడి నీళ్ల వాటం చూసుకుని గానీ కాలు పెట్టరు. రూతమ్మకి తెలియదా అంటే, ఎందుకు తెలియదు! ఆవిడ దగ్గర చదువుకునే సూర్యకళ తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, “నో టీచర్, సీ బ్యాడ్” అని చెప్పనే చెప్పింది. ఆవిడ నవ్వేసి, తను చిన్నప్పట్నుంచీ చెరువుల్లో ఈదినదాన్నని చేతులాడించి చూపించింది. చెరువట, చెరువు!

రూతమ్మది కెనడా. అక్కడి చర్చివాళ్లు ఇంగ్లీషు చెప్పి రమ్మని ఏడాది పాటు గాజువాక చర్చికి పంపారు. జీతం లేని పని. ప్రతి శనివారం పాస్టరు గురునాథరావు జీపులో కొండ దాటి వచ్చి, యారాడలో వలలు బాగుచేసుకునే పాకలో పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పేది. మంచి మనిషి, కాదని ఎవరూ అనలేదు. తొమ్మిదో తరగతి చదివే సూర్యకళైతే ఆవిడ్ని వదిలేది కాదు. ఏడు నెలలు తిరిగేసరికి ఇంగ్లీషు కాగితం ఏదిచ్చినా కూడబలుక్కుని చదివి, అర్థం చెప్పేసేది.

పాఠమయ్యాక రూతమ్మ భోజనం సూర్యకళ వాళ్లింట్లోనే. తండ్రి వరహాలు చేపముక్కల్లో ముళ్లు తీసి మరీ ఆవిడ పళ్లెంలో వేసేవాడు. “వరాలు, గుడ్” అనేది ఆవిడ. “వరాలు కాదమ్మా, వరహాలు” అని అతను దిద్దేవాడు. వారం వారం ఇదే ఆట. ఆఖరికి ఒకనాడు ఆవిడ తప్పు లేకుండా అనేసరికి ఇల్లంతా చప్పట్లు కొట్టింది.

రెండువేల రెండు మార్చిలో, ఒక శనివారం పాఠం ముగించి రూతమ్మ సముద్రంలో దిగింది. రెండో కెరటమే లోపలికి ఈడ్చుకుపోయింది. వల బాగుచేసుకుంటున్న వరహాలు దాన్ని అక్కడే పడేసి దూకాడు. ఆవిడ జుట్టు పట్టుకుని ఒడ్డువైపు తోశాడు. ఎదురెళ్లినవాళ్లు ఆవిడ్ని అందుకున్నారు. అతను మాత్రం అందలేదు. మర్నాడు గంగవరం వైపు శవం తేలింది.

రూతమ్మని ఆసుపత్రిలో చేర్చి, నాలుగోనాడు విమానం ఎక్కించేశారు. “ఆయన పోయాడని ఆవిడకి చెప్పకండి, తట్టుకోలేదు” అని గురునాథరావు ఎవరితోనో అంటుంటే సూర్యకళ విన్నది. తట్టుకోలేనిది ఆవిడట! మరి వరహాలు పెళ్లాం అప్పాయమ్మ ఏ రాయితో చేసిన మనిషనుకున్నాడో ఆ మహానుభావుడు.

మొగుడు పోయాక అప్పాయమ్మ ఎన్ని మాటలు పడిందో లెక్కలేదు. ఎవర్తో తెల్లదాని కోసం పెళ్లాం బిడ్డల్ని గాలికొదిలేశాడని మరిదే మొహం మీద అన్నాడు. ఎవరేమన్నా ఆవిడ జవాబు ఒకటే. “ఆ తల్లి బతికున్నన్నాళ్లూ నా పెనిమిటి పేరు సెప్పుకుంటాది. ఊరికే పోనేదు ఆడు.” ఆ ఒక్క మాట పట్టుకునే పొద్దున లేచి చేపలగంప నెత్తికెత్తుకునేది.

ఆగస్టులో పాస్టరు ఒక పత్రిక పంపాడు. రూతమ్మ వాళ్ల చర్చిది. ఆవిడ ఫొటో, దాని కింద పేజీడు రాత. అప్పాయమ్మ చేతులు కడుక్కొచ్చి కూర్చుంది. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లంతా పోగయ్యారు.

“సదువే గుంటా. మీ నాన గురించి ఏటి రాసింది?” అని కూతురి చేతిలో పత్రిక పెట్టింది.

సూర్యకళ ముందు లోలోపల చదువుకుంది. కెరటం లాగింది, ప్రార్థించాను, దేవుడు ఒక చెయ్యి పంపాడు, కళ్లు తెరిచేసరికి ఇసుకలో ఉన్నాను. అంతే. ఆ చెయ్యి ఎవరిదో లేదు. పేజీ తిప్పి చూస్తే చర్చిలో పాటల పోటీ గురించి ఉంది. ముళ్లు తీసిపెట్టిన చెయ్యి కదా టీచర్, అని దానికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆడవాళ్లంతా దాని నోరే చూస్తున్నారు.

“వరహాలు లాంటి మనిషిని నేను ఎక్కడా చూడలేదు” అని మొదలుపెట్టింది. “నా ప్రాణం వరహాలు పెట్టిన భిక్ష. నా పిల్లలకి కూడా వరహాలు పేరు చెప్తాను.”

అందరూ ఏడ్చారు. వెనకాల నిలబడి విన్న మరిది తలొంచుకున్నాడు. అప్పాయమ్మ ఆ కాగితాన్ని పత్రికలోంచి విడదీసి, మడిచి దేవుడి పటం వెనక దాచింది. ప్రతి శుక్రవారం తీసి చదివించుకునేది. ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా ప్రతిసారీ అదే అబద్ధం చదవలేక సూర్యకళ చచ్చేది.

డిసెంబరులో కెనడా నుంచే కొత్త టీచరమ్మ వచ్చింది, తల నెరిసిన పెద్దావిడ. మొదటి పాఠం అవుతుండగానే అప్పాయమ్మ కాగితం పట్టుకుని పాకలోకి వచ్చింది.

“ఈయమ్మని సదవమనే. ఇంగ్లీసులోనే.”

“నీకు అర్థం కాదు గదే అమ్మా.”

“మాటలు అర్థం కాకపోతే పోనీ. మీ నాన పేరు ఇంగ్లీసులోనైనా అదే గదా! ఆల్ల నోట ఒక్కపాలి ఇనాలనుంది నాకు.”

సూర్యకళ టీచరమ్మ వైపు తిరిగింది. “టీచర్, ప్లీజ్...” అనబోయింది. “నువ్వుండవే” అని తల్లి చెయ్యి నొక్కి పట్టుకుంది.

టీచరమ్మ కళ్లజోడు పెట్టుకుని నిదానంగా, స్పష్టంగా చదివింది. అప్పాయమ్మ చెవి అటు పెట్టి వింటోంది. ఇంకా వస్తుంది, ఇదిగో వస్తుంది అన్నట్టు ఆవిడ పెదాలు ముందే కదులుతున్నాయి. సూర్యకళ నేల చూస్తోంది. టీచరమ్మ “ఆమెన్” అని ఆపింది. పాస్టరు వచ్చినప్పుడల్లా వినే మాటే కాబట్టి, అయిపోయిందని అప్పాయమ్మకి తెలిసిపోయింది.

అప్పాయమ్మ లేచి కాగితం తీసుకుని పాత మడతల మీదే మడిచింది. టీచరమ్మకి దణ్ణం పెట్టి బయటికి నడిచింది. సూర్యకళ వెనకాలే పరిగెత్తింది.

“అమ్మా, నాను...”

అప్పాయమ్మ వెనక్కి తిరగలేదు. చెయ్యి వెనక్కి చాపి కాగితం మాత్రం కూతురి చేతిలో పెట్టింది.

“ఇంటికెళ్లి నువ్వు సదువు” అంది. “నువ్వు ఎప్పుడూ సదివినట్టే సదువు.”