నిన్న ఏడ ఆపినవ్?

నేను ఒక టీవీని. గోడకు పలకలా అతుక్కుపోయే ఇప్పటి రకం కాదు. ముందు మందపాటి అద్దం, వెనక ఇంత పెద్ద వీపు ఉన్న పాతకాలపు టీవీని. నన్ను ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి, తిట్టడానికి మాత్రం ఒక్కరు చాలు. ఏ ఇంట్లో ఏ పిల్లకు మార్కులు తగ్గినా మొదట వినబడేది నా పేరే. నేను పుట్టకముందు పిల్లలంతా ఫస్టుక్లాసులో పాసయ్యేవాళ్లని మనుషుల నమ్మకం కాబోలు. అయినా వాళ్లమీద నాకు కోపం లేదు. ఉన్నదంతా కృతజ్ఞతే. ఎందుకో చెబుతాను.

నేను తయారైన ఊరు నాకు సరిగా గుర్తులేదు. ఒక పొడవాటి షెడ్డు, తలలకు తెల్లటి టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు, నా కడుపులో తీగలు అతికిన వాళ్ల సన్నని వేళ్లు, అంతే జ్ఞాపకం. తర్వాత అట్టపెట్టెలో కూర్చుని లారీలో కోరుట్ల చేరాను. ఆ ఏడు దసరాకు ఆర్టీసీ కండక్టర్ రాజేశం నన్ను కొని, ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెడుతూ ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన తల్లి లచ్చవ్వ నాకు బొట్టు పెట్టి హారతిచ్చింది. భార్య విజయ పూలు కుట్టిన గుడ్డ కప్పింది. అప్పుడు ఆరో తరగతి చదువుతున్న కూతురు రజిత, ఎవరూ చూడకుండా నా అద్దానికి ముక్కు ఆనించి చూసింది. అంత మర్యాద మళ్లీ నాకెప్పుడూ జరగలేదు.

ఆ ఇంట్లో ఏడున్నర అంటే ఏడున్నరే. ఆ వేళకు అత్తాకోడళ్ల సీరియల్ వచ్చేది. ఏడు దాటగానే లచ్చవ్వ పీట జరుపుకుని నా ఎదురుగా కూర్చునేది. విజయ బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, చూపు నామీద, వేళ్లు ఆకుమీద. పిలవకుండానే రజిత కూడా వచ్చి చేరేది. అన్నం ఆలస్యమైనా అయ్యేది గానీ ఆ కూర్చోవడం ఆలస్యమయ్యేది కాదు. సీరియల్ సరిగ్గా కొంప మునిగే చోట ఆగిపోతే, లచ్చవ్వ "మళ్ల రేపటిదాక పాణం గుంజుడే" అని నిట్టూర్చి లేచేది. ముసలిదాన్ని అలా వేధించడం నాకూ సరదాగానే ఉండేదని ఒప్పుకోవాలి.

రజిత పదో తరగతికి వచ్చిన ఏడు ఈ సరదాకు గండి పడింది. అర్ధసంవత్సరం పరీక్షల్లో పిల్ల లెక్కల్లో తప్పింది. సాంఘికశాస్త్రంలో అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. కాగితం చూసిన విజయ అరవలేదు, కొట్టలేదు. ఒళ్లోని చాట ఎత్తి కూతురి ముందు పెట్టింది.

"పది తప్పితే ఇగ ఇదే బిడ్డా. నా నడుము వంగింది చాలదా, నీది గూడ వంగాలెనా?" అంది.

ఆ మాటలో కోపం లేదు, భయం ఉంది. ఆ వాడలో పది తప్పిన ఆడపిల్లలంతా అరుగుల మీద చాటలు ముందేసుకుని కూర్చున్నవాళ్లే. రజిత చాట వంక చూసి తల దించుకుంది.

రాజేశం మాత్రం దోషిని ఇట్టే పట్టేశాడు. "దీన్నే అనాలె" అని నావైపు వేలు చూపించాడు. మర్నాడే కేబులాయన్ని పిలిచి వైరు కోయించాడు. పదో తరగతి పిల్ల ఉన్న ఇంట్లో ఇదొక తంతు. ఉపనయనం ముందు జుట్టు తీసినట్టు, పరీక్షల ముందు కేబుల్ తీయడం. వైరు కోసిన రోజున సీరియల్లో కోడలు సూట్‌కేసు పట్టుకుని గడప మీద నిలబడి ఉంది. ఇల్లు వదిలి పోతుందో ఉంటుందో లచ్చవ్వకు తెలియనే లేదు. ఇక రాజేశం సంగతా, పిల్ల చదువు కోసం అంత త్యాగం చేసి, క్రికెట్టు ఉన్నప్పుడల్లా పక్కింటికి వెళ్లి చూసొచ్చేవాడు.

వైరు పోయినంత మాత్రాన చదువు వస్తుందా. రజిత పుస్తకం పట్టుకుని నా ఎదుటే కూర్చునేది. పెదవులు కదిలేవి, పేజీ తిరిగేది కాదు. కాసేపయ్యాక నా నల్లటి అద్దంలో తన ముఖం చూసుకుంటూ ఉండిపోయేది. సోమరి పిల్ల కాదు. పొద్దున్నే లేచేది, ప్రశ్నా జవాబూ గట్టిగా బట్టీపట్టేది, స్నానానికి వెళ్లి వచ్చేలోగా మరిచిపోయేది. బడిలో అర్థం కానిది అడగాలంటే నోరు లేచేది కాదు. ఇవన్నీ తలపట్టుకుని నా అద్దంతోనే చెప్పుకునేది కాబట్టి నాకు తెలుసు. ఇంట్లో అందరూ "చదువు, చదువు" అనేవాళ్లే తప్ప, ఏం చదివావని అడిగినవాళ్లు లేరు.

ఆ అడగడం లచ్చవ్వకు తట్టింది. పాపం, ముసలిదానికి పిల్ల మీద ప్రేమతో పాటు తన బాధ కూడా ఉంది. వైరు కోసినా ఏడున్నరకు ఆమె ప్రాణం ఆగేది కాదు. పీట తెచ్చుకుని నా ఎదుట కూర్చుని ఊరికే చూస్తూ ఉండేది. ఒక సాయంత్రం విసుగెత్తి మనవరాలివైపు తిరిగింది.

"ఆ బుక్కుల ఏమున్నదో నాకు చెప్పరాదే. పొద్దు పోతలేదు."

రజిత పుస్తకం తెరిచి చదవబోయింది.

"సదువుడు కాదు, చెప్పు. పక్కింటోళ్ల ముచ్చట చెప్తవు సూడు, అట్ల."

అప్పుడు రజిత మొదటి ప్రపంచ యుద్ధం పాఠం చెప్పింది. దూరదేశంలో ఒక యువరాజు భార్యతో కారులో పోతుంటే ఎవడో కాల్చి చంపాడట. "ఎందుకు చంపిండే?" అని లచ్చవ్వ ముందుకు జరిగింది. రజితకు తెలియదు. పుస్తకంలో వెతికి చెప్పింది. "మరి వాళ్ల రాజు ఊకున్నడా?" మళ్లీ వెతికింది. ఆ రాజు పక్కన ఇంకో రాజు, ఈ దేశం వెనక మరో దేశం, అందరూ ఒకరికొకరు మాటిచ్చుకుని ఉన్నారు. "చేను గట్టు కాడ గూడ గింతే. ఇద్దరు మొదలువెడితే ఊరంత కట్టెలు వడుతరు" అంది లచ్చవ్వ. సైన్యాలు సరిహద్దు దాటబోతున్నాయి. అంతలో గోడ గడియారం ఎనిమిది కొట్టింది. ముసలమ్మ చటుక్కున లేచింది.

"ఇగ బంద్ జెయ్. మిగిలింది రేపు."

"అసలైన కాడ ఆపుతవేందే బాపమ్మా" అని రజిత మొత్తుకుంది. సీరియల్ ఆపినట్టు ఆపేసింది ముసలిది. కానీ సైన్యాలు దాటాయో లేదో రజితకూ తెలియదు. అందుకని అన్నం ముందు కూర్చుని కూడా ఎడమచేత్తో పేజీ తిప్పుకుంది. ఎవరూ చదవమనకుండా ఆ పిల్ల పుస్తకం తెరవడం ఆ ఇంట్లో చేరినప్పటినుంచీ నేను చూడలేదు.

మర్నాడు ఏడున్నరకు లచ్చవ్వ పీట మీద సర్దుకుని మొదటి మాటగా అడిగింది. "నిన్న ఏడ ఆపినవ్?"

నేను రోజూ మొదట చూపించే నిన్నటి భాగమే అది. రజిత నిన్నటిది రెండు ముక్కల్లో చెప్పి ఇవాళ్టిది మొదలుపెట్టేది. ఎనిమిదికి ఆగిపోయేది. చాట ఒళ్లో పెట్టుకుని విజయ కూడా ఊ కొట్టేది. నోరు మూయించిన నా ముందు నా కొలువే మళ్లీ నడుస్తుంటే, నాకు నవ్వూ వచ్చింది, గర్వం కూడా వచ్చింది.

చిక్కల్లా లెక్కలతోనే. "తండ్రి వయసు ఇంత, కొడుకు వయసు ఎక్స్ అనుకో" అని రజిత మొదలుపెడితే, "కన్న తండ్రికి కొడుకు ఈడు తెల్వదా?" అని ముసలమ్మ అడ్డుకుంది. ఎక్స్ అంటే ఎవరని నిలదీసింది.

"ఎవరో తెల్వనోడు బాపమ్మా. మనమే దొర్కవట్టాలె."

"ముసుగేసుకున్నోడన్నట్టు. ఇగ చెప్పు, ఏడ దాగిండు?"

అప్పటినుంచి ప్రతి లెక్కా దొంగను పట్టే కథే. చాలావరకు ముసుగోడు ఎనిమిదిలోపు దొరికేవాడు. ఒకనాడు దొరకలేదు. రజిత పలక నిండా రాసింది, చెరిపింది, చివరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎనిమిది కొట్టింది. "పోనీయ్, రేపు దొర్కుతడు" అని లచ్చవ్వ లేచి, గుమ్మం దగ్గర ఆగి, "మీ సారును అడుగరాదే. వాడు దొర్కకుంటే నాకు నిద్ర వట్టది" అంది.

మర్నాడు బడి నుంచి రజిత సంచి కూడా దించకుండా వచ్చి నా ముందు నిలబడింది. క్లాసులో మొట్టమొదటిసారి లేచి నిలబడి అడిగిందట. సారు తిట్టకపోగా బోర్డు దగ్గరికి పిలిచి, తప్పు ఎక్కడుందో ఆమె చేతనే పట్టించాడట. తనకోసమైతే ఆ పిల్ల ఏడాదంతా అడిగేది కాదు. సాయంత్రం ఏడున్నరకు బాపమ్మకు జవాబు చెప్పాలి కాబట్టి అడిగింది. ఒకసారి లేచిన నోరు ఆ తర్వాత మూతపడలేదు.

పబ్లిక్ పరీక్షలకు కొద్ది రోజుల ముందు జరిగిన బడి పరీక్షలో రజిత లెక్కల్లో గట్టెక్కింది. రాజేశం పొంగిపోయాడు. మనిషి ఆనందం వస్తే ఏం చేస్తాడో చూడండి, నేరుగా వెళ్లి కేబులాయన్ని పిలుచుకొచ్చి వైరు కలిపించాడు. "గిన్ని రోజులు కష్టపడ్డరు, సూడుండ్రి" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. విజయ ముఖం మాత్రం వాడిపోయింది. అసలు పరీక్షలు ఇంకా మొదలే కాలేదు, చాట ఇంకా గోడవారనే ఉంది.

ఏడున్నర అయింది. నేను రంగులన్నీ కూడదీసుకుని వెలిగాను. లచ్చవ్వ పీట ముందుకు జరుపుకుంది. రజిత పుస్తకం మూసి నావైపు తిరిగింది. సీరియల్ మొదలైంది. కోడలు గడప మీద నిలబడి ఉంది. చేతిలో అదే సూట్‌కేసు, కళ్లలో అవే నీళ్లు.

లచ్చవ్వ కాసేపు కళ్లు చికిలించి చూసింది. "ఏందే, ఇది ఇంక పోనేలేదా?" అంది. "వైరు కోసిన్నాడు గూడ గీడనే ఉండె. నా మనుమరాలు రెండు యుద్ధాలు దాటింది, ముసుగోళ్లను ఎంతమందినో దొర్కవట్టింది. ఇది ఒక్క గడప దాటకపాయె."

లేచి వచ్చి నా మీట నొక్కేసింది. పీట మీద కూర్చుని మనవరాలి వైపు తిరిగింది.

"రజితా, నిన్న ఏడ ఆపినవ్?"

బాధ కలగలేదంటే అబద్ధం. కానీ నా నల్లటి అద్దంలో ఆ ముగ్గురూ కనబడుతున్నారు. నడుమ పుస్తకం, ఒక పక్క చాట, ఒక పక్క పీట. నేను వెలిగి ఉన్నప్పుడు వాళ్లను ఎప్పుడూ అంత బాగా చూడలేదు. నన్ను తిట్టిన ఇంట్లోనే నా దగ్గరున్న మంచిని ఏరుకున్నారు. వేళకు కూర్చోవడం, నిన్నటిది తలుచుకోవడం, ఇంకా కావాలనిపించినప్పుడే ఆపడం. నా చేత అంత పని చేయించుకున్నందుకు వాళ్లకు రుణపడి ఉన్నాను.

రజిత పాసయింది. ఫలితం తెలిసిన సాయంత్రం విజయ చాట ముట్టలేదు. మర్నాడు మళ్లీ ముట్టింది గానీ, కూతురి ముందు ఎన్నడూ పెట్టలేదు. రజిత ఇంటరు, ఆపైన ల్యాబు చదువు చదివి జగిత్యాల ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరింది. లచ్చవ్వ నిండు వయసులో వెళ్లిపోయింది. గోడమీదికి కొత్త టీవీ వచ్చాక నేను వెనకగదిలో దుమ్ము కప్పుకుని ఉండిపోయాను.

మొన్న ఆదివారం నన్ను పాత సామాన్ల వ్యాపారికి ఇచ్చేశారు. ఆయన ట్రాలీ ఆటో వచ్చేసరికి పొద్దుగూకింది. అరుగు మీద పెట్టిన నన్ను, పుట్టింటికి వచ్చిన రజిత కొంగుతో తుడిచింది. అద్దం ముందు కాసేపు నిలబడింది. ఆమె కొడుకు విహాన్, మూడో తరగతి వాడు, ఫోనులో తల దూర్చి ఉన్నాడు. లోపల గడియారం చూసి రజిత ఆ ఫోను తీసుకుని బోర్లించింది. వాడు గునిసినా తగ్గలేదు. పక్కన చతికిలబడి అడిగింది.

"నిన్న ఏడ ఆపినవ్ రా?"

నాలో కరెంటు లేదు గానీ, ఉంటే ఆ మాటకే వెలిగేదాన్ని. వాడు ముఖం ముడుచుకునే మొదలుపెట్టాడు. వాన చినుకు కథ. ఎండకు చెరువులోంచి ఆవిరై పైకి పోయిందట, మబ్బులో చేరిందట. మాట మాటకూ వాడి గొంతు తేటపడింది. "మబ్బుల చల్లగాలి తాకిందమ్మా, అప్పుడు ఆ చినుకు..." అంటుండగా ఇద్దరు మనుషులు నన్ను ఎత్తి ట్రాలీలో వేశారు. ఇంజను చప్పుడులో మిగతాది వినబడలేదు.

ఎన్ని సాయంత్రాలు లచ్చవ్వ ప్రాణం గుంజానో, ఇప్పుడు నా ప్రాణం అలా గుంజింది. పాత సామాన్ల షెడ్డులో విరిగిన ఫ్యాన్ల పక్కన పడి ఉన్నా, నా ధ్యాసంతా ఆ చినుకు మీదే. నిన్న సాయంత్రం ఇక్కడ వాన పట్టుకుంది. రేకు చిల్లులోంచి ఒక్క చినుకు జారి, రజిత తుడిచిన నా అద్దం మీద పడింది.