వరహాలమ్మ మెడలో విజిల్

నేను ఒక ఇత్తడి విజిల్‌ని. నవ్వకండి. విజిల్‌కి చెప్పుకునేంత బతుకేముందని మీకనిపించవచ్చు. నా కడుపులో శనగగింజంత బెండు గోళీ ఉంది. అది గిరగిరా తిరిగితేనే నాకు గొంతు. ఇంత చిన్న కడుపుతో యాభై మందిని ఎక్కించుకున్న బస్సుని ఆపేదాన్ని. మీలో ఎంతమంది ఆపగలరో చెప్పండి!

ఎక్కడో ఊరి చివర రేకుల షెడ్డులో పుట్టాను. అచ్చులో నొక్కి, అంచులు అతికి, మెరుగు పెట్టి, డజను చొప్పున అట్టపెట్టెలో సర్దారు. నాతోటి వాళ్లలో చాలామంది డ్రిల్లు మేష్టార్ల మెడలకు చేరారు. నన్ను అమలాపురం బస్టాండు ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ షాపులో నూకరాజు కొన్నాడు. అప్పుడే ఉద్యోగంలో చేరిన కండక్టరు. ఖాకీ చొక్కాకి గంజి ఎక్కువై చేతులు మడవడానికి అవస్థపడుతున్నాడు. కొన్నవాడు కొన్నట్టే షాపులోనే ఊది చూశాడు. గాజులు చూసుకుంటున్న ఆడవాళ్లు ఉలిక్కిపడి తిట్టిపోశారు. మా ఇద్దరి సావాసం ఆ తిట్లతోనే మొదలైంది.

ముప్పై ఏళ్లు కాకినాడ రూటులో తిరిగాం. ప్రతివాడికీ బస్సు తన గుమ్మం ముందే ఆగాలి. పక్కవాడి గుమ్మం ముందు ఆగిందంటే "ఇది బస్సా, ఎడ్లబండా?" అని విసుక్కునేవాళ్లు. నూకరాజు ఎవరినీ కాదనేవాడు కాదు, కానీ ఎవరితోనూ కబుర్లు పెట్టుకునేవాడూ కాదు. విజిల్ వినపడిందా, పని అయిపోవాలి, బండి కదలాలి. టైము తప్పితే ఆయనకి అన్నం సయించేది కాదు. రిటైరయ్యాక ఖాకీ బట్టలతో పాటు నన్నూ ట్రంకుపెట్టెలో పడేశాడు. రెండేళ్లు కలరా ఉండల వాసన పీలుస్తూ పడున్నాను.

నూకరాజు భార్య వరహాలమ్మ గట్టి మనిషి. అంతకంటే గట్టిది ఆవిడ నోరు. ఒకనాటి పొద్దున్న పెరట్లో బట్టలారేస్తూ కూలబడిపోయింది. పక్షవాతం అన్నారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమవుతుంది, తిరిగి చెప్పబోతే "బ్బ బ్బ" తప్ప రాదు. వీధి చివరికి వినపడే నోరు అలా అయిపోయేసరికి నూకరాజు బిక్కచచ్చిపోయాడు.

మూతికి బలం రావాలంటే ఏదైనా ఊదించమని ఆసుపత్రిలో చెప్పారు. ఆయన బుడగలు తెస్తే ఆవిడ మొహం తిప్పేసుకుంది, నేనేమైనా చంటిపిల్లనా అన్నట్టు. అప్పుడు గుర్తొచ్చాను నేను! చింతపండుతో తోమి, వేణ్ణీళ్లలో కడిగి, కొత్త తాడు కట్టి ఆవిడ మెడలో వేశాడు. పదకొండు రోజులు గాలీ, చొంగా తప్ప ఏమీ లేదు. పన్నెండోనాడు కుక్కపిల్ల మూలిగినట్టు "పీ" అని మోగాను. నూకరాజు వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వేనా వరహాలూ? నువ్వేనా ఊదింది?" అని ఏడ్చేశాడు.

ఆవిడ సగం మూతితో నవ్వింది. బస్సులు ఆపిన నాడు కూడా నాకంత గర్వం కలగలేదు.

అక్కణ్ణుంచి నాకు ఊపిరి సలిపితే ఒట్టు. నూకరాజు క్యాలెండరు వెనక టైంటేబుల్ రాసి గోడకి తగిలించాడు. 6.10 మాత్ర, 6.25 మొహం కడుగుట, 7.05 ఇడ్లీ. కాఫీ కలపడం కూడా రాని మనిషి నెల తిరిగేసరికి ఆవిడకి జడ వేయసాగాడు, వంకరగానే అనుకోండి. నేను మోగగానే వచ్చేవాడు. నీళ్లు పట్టి, దుప్పటి కప్పి, దిండు సర్ది, గడియారం చూసుకుని చక్కా పోయేవాడు. రోజుకి నలభై సార్లు మోగేదాన్ని.

పక్కింట్లో బట్టలు కుట్టే బేబి ఇదంతా చూసి ఊరుకోలేకపోయింది.

"బాబాయ్‌గారండీ, సాయంత్రం పిన్నిగారి దగ్గర నేను కూర్చుంటానండి. మీరలా గడియారస్తంభం దాకా వెళ్లి రండి."

"ఒద్దమ్మా. ముప్పై ఏళ్లలో నా సంచీ ఇంకోడి భుజాన వెయ్యలేదు. నా డ్యూటీ నాదే."

ఒకరోజు ఎలాగో బలవంతాన పంపింది. టీకొట్టు దగ్గర గ్లాసు అందుకున్నాడో లేదో, సెంటర్లో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఎవరి మోటారుసైకిల్‌నో ఆపడానికి విజిల్ వేశాడట. అంతే! గ్లాసు అక్కడే పడేసి, ఒక చెప్పు రోడ్డు మీదే వదిలేసి, ఇంటికి ఒకటే పరుగు. "ఏంటే? ఏం కావాలే?" అని రొప్పుతూ మంచం పక్కన నిలబడ్డాడు. వరహాలమ్మా, బేబీ, నేనూ నోరెళ్లబెట్టి చూశాం. ఆ తర్వాత ఎవరెంత చెప్పినా ఆయన గుమ్మం దాటలేదు.

నవ్వులాటగానే ఉంది కానీ మనిషి తరిగిపోతున్నాడు. గడ్డం పెరిగిపోయింది. అన్నం నిలబడే తినేవాడు. ఐదో నెలలో ఒక మధ్యాహ్నం దిండు కోసం నాలుగోసారి మోగాను. వచ్చాడు.

"ఎన్నిసార్లే? నేను మనిషిని కాదా?" అని అరిచి, నన్ను ఆవిడ మెడలోంచి లాగి, కిటికీ గూట్లోకి విసిరేసి, పెరట్లోకి వెళ్లిపోయాడు. బట్టలుతికే బండ మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

గదిలో వరహాలమ్మ నా కోసం ఎడమచెయ్యి చాపింది. అందలేదు. ఇంకాస్త జరిగి మంచం మీంచి జారి కిందపడింది. పిలవడానికి ఆవిడకి మాట లేదు, ఊపిరి ఊదేవాళ్లు లేక నాకు గొంతు లేదు. జానెడు దూరంలో ఉండి ఏమీ చెయ్యలేక చచ్చినంత పనైంది నాకు.

కూర గిన్నెతో వచ్చిన బేబి చూసి కేక పెట్టింది. ఇద్దరూ కలిసి ఆవిణ్ణి లేవదీశారు. అదృష్టం బాగుండి దెబ్బలేమీ తగల్లేదు. నూకరాజు ఆవిడకి దుప్పటి కప్పి బేబి వైపు తిరిగాడు.

"నా వల్ల కావట్లేదమ్మా బేబీ. పొద్దున్న దీన్ని ఏదైనా ఆశ్రమంలో వదిలేద్దామనిపించింది. అలా అనుకున్న వెధవని నేను."

బేబి కోప్పడలేదు. "డబుల్ డ్యూటీ చేస్తే మర్నాడు రెస్టు ఇచ్చేవారని మీరే కదండీ చెప్పారు? ఇది ఐదు నెలల డ్యూటీ. రెస్టేదండీ బాబాయ్‌గారూ?"

వరహాలమ్మ మెల్లగా ఎడమచెయ్యి ఎత్తి నూకరాజు గడ్డం నిమిరింది. గుచ్చుకుందన్నట్టు చెయ్యి దులిపి, వీధి గుమ్మం వైపు వేలు చూపించింది. వెళ్లి ఆ గడ్డం గీయించుకు రమ్మని! ఆవిడ మాట ఆ ఇంట్లో ఎప్పుడూ చెల్లేదే.

మర్నాడు నాలుగింటికి నన్ను మళ్లీ ఆవిడ మెడలో వేసి, బేబికి కాగితం నిండా జాగ్రత్తలు రాసిచ్చి, గేటు దాకా వెళ్లి మూడుసార్లు వెనక్కొచ్చి, చివరికి వెళ్లాడు. గంటన్నర తర్వాత నున్నటి మొహంతో తిరిగొచ్చాడు. వస్తూనే అడిగిన మాట, "ఎన్నిసార్లు ఊదింది?"

"ఒక్కసారి కూడా ఊదలేదండి."

ఆయన మొహం చిన్నబోయింది. "అదేంటి? మరి దిండో?"

"దిండుకేమండీ, బానే ఉంది. నేను గుండీలు కుట్టుకుంటా ఏదో వాగుతున్నాను, పిన్నిగారు వింటా ఉన్నారండి. అంతే."

ఆ పెదవుల మధ్య ఐదు నెలలున్నదాన్ని, నాకు తెలియదూ? దిండు ఏనాడూ జారలేదు. నలభై సార్లూ ఆవిడ పిలిచింది మొగుణ్ణి. వచ్చింది కండక్టరు.

టైంటేబుల్లో ఐదు నలభైకి ఏదో రాసి ఉంది. నూకరాజు అటు చూడలేదు. వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. కూర్చుని ఏం మాట్లాడాలో తెలియక చెంప తడుముకున్నాడు.

"మంగలి షాపులో ఏమైందో తెలుసా వరహాలూ? మన డ్రైవరు పల్లంరాజు పళ్లసెట్టు పెట్టించుకున్నాడే! ఎవరూ గుర్తుపట్టలేదని అలిగి..."

వరహాలమ్మ కళ్లు పెద్దవయ్యాయి. ఎడమచేత్తో నా తాడు పట్టుకుని తలమీంచి తియ్యబోయింది. చెవి దగ్గర ఇరుక్కుంది. ఆయన సాయం చెయ్యబోతే ఆ చెయ్యి తోసేసి, చెప్పు చెప్పు అన్నట్టు తలూపింది. తనే విడిపించుకుని నన్ను దిండు కిందకి నెట్టేసింది.

పల్లంరాజు అలిగి ఏం చేశాడో దిండు కింద నాకు సరిగ్గా వినపడలేదు. నవ్వులు వినపడ్డాయి. అందులో ఒకటి ఆవిడది.