పిండిముద్ద కొలత

రహీం మంచి మెకానిక్కు. అశ్వారావుపేటలో ఎవరినడిగినా ఆ మాట చెబుతారు. ఎవరూ అడగకపోయినా రహీమే చెబుతాడు. అందుకే పూల్‌సింగ్ తన బండిని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు.

ఆ బండి రెండు పనులు చేయాలి. వారమంతా పూల్‌సింగ్‌నీ, వెనక కూర్చున్న భార్య రూప్లినీ తండా నుంచి పామాయిల్ మిల్లుకు మోయాలి. దారిలో రెండు వాగులు, ఒక గుట్ట. ఏడాదికొక్క ఆదివారం మాత్రం పందెంలో ఉరకాలి. ఇంకా రాకపోకలకు వదలని కొత్త రోడ్డు మీద నాలుగొందల మీటర్ల పరుగు. రెండేళ్లుగా సత్తుపల్లి బండి వెనక పూల్‌సింగ్ దుమ్ము తిన్నాడు. 2006లో మూడోసారి తినడానికి అతనికి మనసొప్పలేదు.

పందెం ముందురోజు షెడ్డులో బెంచీ మీద రెండు క్యామ్‌షాఫ్టులున్నాయి. జానెడు కూడా లేని ఇనుప కడ్డీలు, వాటి మీద గుడ్డు మొనలాంటి ఉబ్బులు. కడ్డీ తిరిగినప్పుడల్లా ఆ ఉబ్బు వాల్వును కిందికి నొక్కి ఇంజనుకు గాలి అందిస్తుంది. ఒకదాని ఉబ్బు పొట్టి, రెండోదానిది పొడుగు.

“చిన్నది ఎక్కిస్త,” అన్నాడు రహీం. “మెల్లగ పోయినా బలముంటది, గుట్ట కాడ రూప్లిని దింపి నడిపిచ్చే పనుండదు. పందెంల గూడ మంచిగనే గుంజుతది.”

“మంచిగ గుంజితే సాలదు భాయ్, గెలవాలె. పెద్దదెక్కియ్.”

“పెద్దదైతే వాల్వు ఇంకింత లోపలికి దిగుతది. కిందినుంచి పిస్టన్ పైకొస్తుంటది. రెండూ గట్టిగ తగిలినయంటే ఇంజను ఆడికాడ పట్టేస్తది. నువ్వు ఫుల్లు స్పీడుల ఉన్నవనుకో, నిన్ను రోడ్డు మీద ఏరుకోవాలె.”

“మధ్యల సందు ఉందో లేదో కొలువు మరి. నీకు రాని కొలతా భాయ్?”

ఆ మాటకు రహీం మెత్తబడ్డాడు. పొగిడితే మెత్తబడని మెకానిక్కు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

కొలిచే పద్ధతి తేలికే. పిస్టన్ నెత్తిన మెత్తటి మట్టిముద్ద పెట్టి, పైన వాల్వులుండే హెడ్ బిగించి, ఇంజన్ను చేత్తో తిప్పితే వాల్వు వచ్చి ముద్దను నొక్కుతుంది. విప్పి చూస్తే, నొక్కినచోట ముద్ద ఎంత మందముంటే సందు అంత. తీరా చూస్తే డబ్బాలో మట్టి ఎండి పెళ్లలు కట్టింది. నానబెట్టి పిసికే ఓపిక రహీంకు లేదు. షెడ్డు వెనకే ఇల్లు. భార్య షాకేరా రొట్టెలకు గోధుమపిండి కలుపుతోంది. ఎందుకని ఆమె అడిగేలోపే ఒక ముద్ద గిల్లుకొని వచ్చేశాడు.

పెద్ద క్యామ్ పెట్టి కొలిస్తే సందు రెండు మిల్లీమీటర్లు తేలింది. ఫుల్లు స్పీడులో వాల్వు ఇంకాస్త కిందికి జారినా తగలకుండా ఒకటిన్నర ఉంటే చాలు. పెద్ద క్యామే ఖాయమైంది.

ఆదివారం పొద్దున పూల్‌సింగ్ బండి తీసుకొని వెళ్లిపోయాక షాకేరా చాయ్ తెచ్చింది. బెంచీ మీద ఎండిపోయిన పిండిముక్క, దాని మీద గుండ్రటి అచ్చు.

“ఇదేంది జీ? నా పిండితోని ఏం జేసిన్రు?”

రహీం కాస్త గొప్పగానే వివరించాడు. ఆమె నవ్వలేదు.

“అప్పుడే కలిపిన పిండి గద తీస్కపోయిన్రు. అది నొక్కినంత ఉంటదా? ఒత్తుతుంటేనే ఎనక్కి గుంజుకుంటది. అందుకే గద రొట్టె చేసేముందు కొంచెంసేపు మూసిపెడత.”

ఇంట్లోంచి కొత్త ముద్ద తెచ్చి వేలితో నొక్కి చూపింది. గుంట కళ్లముందే పూడుకుంది. రహీం దాన్ని లాక్కుని వెర్నియర్ కొలబద్ద దవడల మధ్య ఒక మిల్లీమీటరు దాకా నొక్కాడు, వదిలాడు, మళ్లీ కొలిచాడు. దగ్గర దగ్గర రెండు చూపింది. చాయ్ అక్కడే చల్లారిపోయింది.

ఫోన్ చేశాడు. ఆ అడవి రోడ్డులో సిగ్నల్ ఎక్కడిది. స్కూటర్ తీశాడు. ఇరవై కిలోమీటర్లు. సగం దారిలో ఒక పాడు ఆలోచన వచ్చింది. మిల్లీమీటరు సందైనా ఉంది కదా, ఒక్క పందెం దాటొచ్చు. రేపు ఏదో సాకు చెప్పి క్యామ్ మార్చేస్తే తన తప్పు ఎవరికీ తెలియదు. ఆ ఆలోచనకు తనమీద తనకే అసహ్యం వేసింది. యాక్సిలరేటర్ తిరిగినంతా తిప్పాడు.

అతను చేరేసరికి పూల్‌సింగ్ ఒక పరుగు గెలిచి, ఆఖరి పరుగుకు గీత దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన సత్తుపల్లి బండి. రహీం పోయి ముందు చక్రానికి అడ్డంగా నిలబడ్డాడు.

“బంద్ జెయ్. కొలత తప్పింది.”

“ఏం మాట్లాడుతున్నవ్ భాయ్? గాలి లెక్క పోయింది ఇందాక.”

“తప్పు నాదే. పిండి నన్ను మోసం జేసింది.” జనంలో ఎవడో కిసుక్కుమన్నాడు. రహీం చెవులు కాలిపోయాయి, అయినా గొంతు పెంచాడు. “కాదు, పిండిది గాదు తప్పు. మట్టి పిసకనీకె నాకు బద్ధకమైంది.”

“సత్తుపల్లోళ్లు పంపిన్రా నిన్ను?”

ఆ మాట రహీం గుండెల్లో దిగింది. పదేళ్ల స్నేహం. బండి తాళం లాగేశాడు, మోకాళ్ల మీద కూర్చుని, రుమాలు చుట్టిన చేత్తో మండుతున్న ప్లగ్గు విప్పాడు. స్టార్టర్ కిక్కు మెల్లగా నొక్కి పిస్టన్‌ను పైకి తెచ్చి, ఫోన్లో టార్చి వెలిగించి ఆ రంధ్రంలోకి చూశాడు. తర్వాత ఫోన్ పూల్‌సింగ్‌కు ఇచ్చాడు.

“నువ్వే సూడు.”

మసిపట్టిన పిస్టన్ నెత్తి మీద గోటి అంచంత మెరుపు ఉంది. వాల్వు గీసిన గీత. పూల్‌సింగ్ వంగి చూశాడు.

“గీత దాటేముందు టిక్కుమన్నది,” అన్నాడు గొంతు తగ్గించి. “సైలెన్సర్ వదులైందనుకున్న.”

“ఇప్పటికి అంచు రాసుకున్నది, అంతే. ఇంకోసారి గట్ల తిప్పితే కొడతది.”

“రేపు పొద్దున రూప్లి ఎనక కూసుంటది.”

“అవ్.”

మైకులో పూల్‌సింగ్ పేరు రెండోసారి పిలిచారు. అతను హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టాడు, బండిని గీత మీంచి పక్కకు నెట్టాడు. సత్తుపల్లి బండి ఒంటరిగా ఉరికి గెలిచింది. దుమ్ము ఇద్దరి మీదా పడింది.

తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ నెమ్మదిగా, ఒకరి వెనక ఒకరు నడిపారు. షెడ్డు ముందు బండి ఆపి పూల్‌సింగ్ చిన్న క్యామ్ చేతిలోకి తీసుకున్నాడు.

“ఇదెక్కియ్ భాయ్.”

“ఎక్కిస్త.”

“కొలత మాత్రం భాబీ సూడాలె.”

నిన్న ఆ మాట ఎవరన్నా అని ఉంటే రహీం పానా విసిరేవాడు. ఇవాళ ఇంటి గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ నిలబడి కేక వేయకుండా, పేరు పెట్టి పిలిచి, వస్తావా అని అడిగాడు. షాకేరా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇంజను వంక చూడలేదు, డబ్బా మూత తీసి మట్టిని వేళ్లతో నలిపింది.

“నీళ్లు తెండి,” అంది. “ముందు ఇది సక్కగ పిసకాలె.”