ఎండు కంకులు

నేనొక కనకాంబరం మొక్కను. అందులోనూ నాటు కనకాంబరాన్ని. ఆ మాట నేనే ముందు చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు ఎత్తిపొడుస్తారు. వాసన లేని పువ్వని ఎలాగూ అంటారు. మల్లెలు తెల్లారేసరికి వాడిపోతే, అదే మాలలో మూడోరోజు దాకా రంగు నిలిపేది ఎవరు? ఒక్కరూ మెచ్చుకోరు.

మెచ్చుకున్నది మాణిక్యాంబ ఒక్కతే. రాజమండ్రిలో ఈ ఇంటికి కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఆవిడ కొంగున ముడేసుకొచ్చిన గింజల సంతతి నేను. నర్సరీలో పసుపువీ, ఎర్రవీ, ఆకుపచ్చవీ ఎన్ని రకాలు చూసినా నన్ను మార్చలేదు. భర్త కోటిలింగం ఆవిడ జడలో మాలను రోజూ చూశాడు కానీ, మొక్కను ఏనాడూ చూడలేదు. మనిషి మంచివాడే. అందుకే మరీ ఒళ్లు మండుతుంది.

ఆవిడ పోయాక, రెండో మాసికానికి ఆవిడ చెల్లెలు భ్రమరాంబ వచ్చింది. నా కంకులు చూసి ముక్కున వేలేసుకుంది.

"ఇదేంటి బావగారూ, అక్క మొక్క చచ్చిపోతే అలాగే ఉంచేశారు? ఎండిన చెట్టు పెరట్లో ఉండకూడదండి. ఢిల్లీ కనకాంబరం తెచ్చాను, గుత్తి చూడండి ఎంతుందో!"

"నీ ఇష్టమమ్మా."

మరి నా ఇష్టం? అవి ఎండిన కంకులు కావు, గింజ ముదిరిన కంకులు. పూలు కోసే చెయ్యి లేక ప్రతి కంకీ గింజ కట్టింది. ఆ ఢిల్లీదానికి గుత్తులే తప్ప గింజ లేదు; కొమ్మ నరికి పాతితేనే ఇంకో మొక్క. ఎవరు వింటారు? నన్ను వేళ్లతో సహా పీకి నీళ్ల గోలెం పక్కన పారేసి, నా చోట దాన్ని నాటారు. పగలంతా ఎండకు మాడాను.

సాయంత్రం కోటిలింగం కాళ్లు కడుక్కుంటుంటే నీళ్లు నామీద చిందాయి. టప్! టపటపా! తడికి కంకులు పేలి, గింజలు ఆయన పిక్కలకు తగిలాయి. కావాలనే కొట్టాను.

ఉలిక్కిపడ్డాడు. తర్వాత నవ్వాడు.

"భ్రమరా, ఇది చావలేదే! పెళ్లయిన కొత్తలో మీ అక్క వీటిని తడివేలితో ముట్టి నా చెవి దగ్గర పేల్చేది."

"మరి పీకేటప్పుడు చెప్పరేంటండీ?"

"అప్పుడు చూడలేదమ్మా."

కళ్లజోడు సవరించుకుంటూ, బురదలో గింజలు ఏరి పంచె చెంగులో పోసుకున్నాడు. ఢిల్లీదాని పాదులోనే కొన్ని పాతాడు. అది దయే, కాదనను. క్షమించానని మాత్రం అనుకోకండి. తెల్లారితే నాకు చెత్తబండి.

ఎండిపోయింది అన్నారుగా? ఇంకా పేలని కంకులు రెండున్నాయి. ఒక్క చుక్క నీళ్లు పోసి చూడండి.